పాఠకుల ప్రశ్నలు: బరాకా అనే పేరు ఎక్కడిది?

ప్రశ్న: మా అల్లుడి ఉద్యోగరీత్యా అమ్మాయి టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో కాపురం ఉంటోంది. వాళ్ల పక్కింటి బాబు పేరు బరాకా. ఇది అమెరికా మాజీ అధ్యక్షుడు ఒబామా మీది అభిమానంతో పెట్టుకున్న పేరా, లేక స్వాహిలీలో ముందునుంచీ ఉన్నదేనా? మగపిల్లవాడు పుడితే ఆ పేరే పెడతానని అమ్మాయి అంటోంది. దాని అర్థమేమిటో, పెట్టవచ్చో లేదో తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఒబామా పుట్టకముందే తూర్పు ఆఫ్రికాలో వాడుకలో ఉన్న పేరు ఇది. దీవెన, దైవానుగ్రహం అని దీని అర్థం. స్వాహిలీలో ఇది పేరు మాత్రమే కాదు, నిత్యం నోట నలిగే మాట కూడా. దీని తోబుట్టువైన క్రియ 'బరికి', అంటే దీవించడం. టాంజానియా జాతీయగీతం 'ముంగు ఇబరికి ఆఫ్రికా', అనగా 'దేవుడా, ఆఫ్రికాను దీవించు', అనే మాటలతోనే మొదలవుతుంది కనుక మీ అమ్మాయి అక్కడ ఏదో ఒక సభలో దీనిని వినే ఉంటుంది.

స్వాహిలీ ఆఫ్రికా భాషల్లోని బంటూ కుటుంబానికి చెందినదే అయినా, ఋతుపవనాల గాలివాటున ఓడలు నడిపిన అరబ్బు వర్తకులతో లాము, మొంబాసా, జాంజిబార్ రేవుల్లో శతాబ్దాల పాటు సాగిన వ్యాపారమూ వియ్యమూ దానిలో అరబ్బీ మాటలను విస్తారంగా చేర్చాయి. అలా వచ్చినదే బరాకా. మూలంలో దీనికి దీవెన అన్న అర్థంతో పాటు, ఉన్నది కొంచెమే అయినా తరగకుండా వృద్ధి పొందే గుణం అన్న ఛాయ కూడా ఉంది. తెలంగాణలో 'ఎంత సంపాదించినా బర్కత్ లేదు' అని వాపోయేవారు వాడేది సరిగ్గా ఈ మాటనే, ఈ ఛాయలోనే. 'ఈద్ ముబారక్' లోని ముబారక్ కూడా ఈ ధాతువు నుంచి పుట్టినదే. చివరి నిజాం మనుమడు ముకరం జా అసలు పేరు మీర్ బర్కత్ అలీ ఖాన్ అన్నది గుర్తు చేసుకుంటే, ఈ పేరు మనకు అంత దూరపుదేమీ కాదని తెలుస్తుంది.

మూలం అరబ్బీ కనుక ఇది ముస్లింల పేరేనని అనుకోవడానికి వీలులేదు. టాంజానియా, కెన్యాలలో క్రైస్తవులు కూడా తమ కొడుకులకు బరాకా అనీ, కూతుళ్లకు కృప అనే అర్థంలో నీమా అనీ నిస్సంకోచంగా పెట్టుకుంటారు. స్వాహిలీ బైబిలులో దీవెనకు వాడే మాట కూడా ఇదే కావడం అందుకు ఒక కారణం. అన్నట్టు, తెలుగు బైబిలులో న్యాయాధిపతుల గ్రంథంలో కనిపించే బారాకుతో దీనిని కలపరాదు. ఆ హీబ్రూ పేరుకు మెరుపు అని అర్థం. బరాకాకు నిజమైన బంధువు యిర్మీయా ప్రవక్త లేఖకుడైన బారూకు. ఆ పేరుకు ఆశీర్వదింపబడినవాడు అని అర్థం.

ఇక ఒబామా సంగతి. ఆయనకు బరాక్ అన్న పేరు తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి కెన్యాలోని లువో జాతివాడు. లువోల భాష స్వాహిలీ కాదు, బంటూ కుటుంబానికి చెందినదీ కాదు. వారి సంప్రదాయపు పేర్లు చాలావరకు పుట్టిన వేళను బట్టి ఉంటాయి: రాత్రి పుట్టినవాడు ఒటియెనో, పొద్దెక్కాక మధ్యాహ్నం లోపు పుట్టినవాడు ఒన్యాంగో. ఒబామా తాత పేరు ఒన్యాంగోయే. ఆ తాత ఇస్లాం స్వీకరించినందువల్ల కొడుకు పేరులోకి అరబ్బీ దీవెన వచ్చి చేరింది. 2004లో బోస్టన్‌లో జరిగిన డెమోక్రాటిక్ పార్టీ మహాసభలో ఒబామా తన పేరుకు ఈ అర్థమే చెప్పుకున్నారు.

2008 నవంబరులో ఆయన గెలిచినప్పుడు కెన్యా ప్రభుత్వం సెలవు ప్రకటించింది. కిసుము ప్రాంతంలో పుట్టిన పసివాళ్లలో పలువురికి బరాక్ ఒబామా అని పేరు పెట్టారు. అయితే ఆ అభిమానపు పేరు బరాక్. మీ అమ్మాయి పక్కింట్లో ఉన్నది బరాకా. చివరి అచ్చు ఉన్న ఈ రూపం ఎవరి గెలుపుతోనూ సంబంధం లేకుండా తూర్పు ఆఫ్రికా అంతటా వ్యాపించింది. టాంగన్యీకా సరస్సు ఒడ్డున, కాంగో వైపు, ఈ పేరుతో ఒక పట్టణమే ఉంది. అమెరికా నల్లజాతి కవి లీరాయ్ జోన్స్ తన పేరును అమీరీ బరాకాగా మార్చుకున్నది కూడా 1960లలోనే.

పెట్టవచ్చా అంటే, నిరభ్యంతరంగా పెట్టవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. తెలుగులో రాసేటప్పుడు దీర్ఘాలు వదిలి 'బరక' అని రాస్తే, మన బంధువర్గానికి పిండి బరకగా ఉందనడమే గుర్తుకొస్తుంది. స్వాహిలీలో ఉపాంత్యాక్షరాన్ని, అంటే చివరిదానికి ముందున్న అక్షరాన్ని, ఒత్తి పలుకుతారు కనుక 'బరాకా' అనడమే ఉచ్చారణకు దగ్గర. ఇది ఎక్కువగా మగపిల్లల పేరు. ఒకవేళ ఆడపిల్ల పుడితే ఆషా అన్న పేరును పరిశీలించమనండి. అక్కడ అది ఆయిషా నుంచి వచ్చి జీవం అనే అర్థమిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఉప ప్రధాన కార్యదర్శిగా 2007 నుంచి 2012 వరకు పనిచేసిన టాంజానియా వనిత పేరు ఆషా రోజ్ మిగిరో. మన ఇంట్లో పెద్దవాళ్లు దానిని ఆశ అని పిలుచుకున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.