వీలునామా సంగతి తర్వాత, ముందు బీరువా తెరిపించండి

మీ నాన్నగారికి డెబ్బై నాలుగు, వీలునామా మాట ఎత్తితే "నా చావు కోసం చూస్తున్నారా" అంటున్నారు, ఎలా మాట్లాడాలి అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే అయింది, ఆ జరిగింది చెప్తాను.

మాది పరకాల వైపు ఊరు. బాపు రిటైర్డ్ టీచర్. నేను చేసిన పెద్ద తప్పు, దసరా నాడు జమ్మి పెట్టి కాళ్లు మొక్కిన పది నిమిషాలకే అక్కాబావల ముందర ఈ మాట ఎత్తడం. "ఏందిరా, నన్ను ఇప్పుడే కాటికి పంపుతవా?" అని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ కూడా రెండు రోజులు ముభావంగానే ఉంది. పండగ పూట, అందులోనూ అల్లుడు కూర్చున్న చోట, ఈ ముచ్చట వద్దు.

మరుసటేడు మా కాక పోయాడు. ఏ కాయితం ఎక్కడుందో తెలియక, భూమి విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పించుకోవడం) కోసం ఆయన పిల్లలు నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగారు. అప్పుడు అడిగాను, "బాపూ, మన కాయితాలు ఒకసారి చూపియ్యి, రేపు నేను వాళ్ల లెక్క తిరగొద్దు" అని. ఆదివారం పొద్దున బీరువాలోంచి రెగ్జిన్ బ్యాగు తీశాడు. పాసుబుక్కు, హన్మకొండ ఇంటి కాయితాలు, ఎప్పుడో విడిపించిన బంగారం తాలూకు కుదువ రసీదు. ఒక డిపాజిట్‌కు నామినీ మా నానమ్మ! ఆమె పోయి పదకొండేళ్లు. బాపు అద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, "ఇగ మా అవ్వనే వచ్చి తీస్కపోవాలె పైసలు" అని నవ్వాడు. అక్కడి నుంచి మాట సాగింది.

సంతకం పెడితే తెల్లారేసరికి ఇల్లు మాదైపోతుందనేది ఆయన అసలు భయం. ఊళ్లో ఒక పెద్దమనిషి కొడుక్కు గిఫ్ట్ డీడ్ (బతికుండగానే ఆస్తి దానంగా రాసిచ్చే పత్రం) చేసి, మందులకు కూడా చేయి చాపాల్సి వచ్చింది. కొడుకు అలా చూసుకోకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవోకు ఫిర్యాదు చేయొచ్చు గానీ, ఆ వయసులో ఎవరు తిరుగుతారు? వీలునామా అట్లా కాదు, మనిషి పోయాకే అమలవుతుంది, బతికున్నన్నాళ్లూ చించి మళ్లీ రాసుకోవచ్చు అని వకీలు చెప్పాక బాపు నెమ్మదించాడు.

స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మేం చేయించాం. బ్యాంకు డిపాజిట్‌కు నామినీ ఉన్నాడు కదా అనుకోకండి, నామినీ చేతికి డబ్బు వస్తుంది, హక్కు మాత్రం వారసులది.

అన్నిటికంటే నలిగింది అక్క వాటా. పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద ఇరవై గుంటలు ఇచ్చాం, అయిపోయింది అనుకున్నాను నేను. తాతల భూమిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఉందని 2005 సవరణ చెప్తోంది. ఆ భూమిలో బాపు వీలునామా రాయగలిగింది తన వాటా వరకే. నాకు మింగుడుపడలేదు, ఒప్పుకుంటాను. ఆ నాలుగు రోజుల మౌనం ఆయన ఉండగానే అయిపోవడం నయమే.

వీలునామాలో ఇల్లు అమ్మ పేర రాశాడు. ఆ తర్వాత ఒకసారి వీలునామా మార్చాడు కూడా. ఏం మార్చాడో నేను అడగలేదు, అమ్మకు చెప్పాడట.