కవర్ విప్పే ముందు ఇది చదువు

చిట్టీ,

నీ బండి క్లచ్ కవర్ బోల్టు పట్టే థ్రెడ్ (మరలు) పోయిందనీ, దాని స్థానంలో హెలికాయిల్, అదే కొత్త మరలుగా పనిచేసే తీగచుట్ట, నువ్వే వేస్తానని పట్టుబట్టి కూర్చున్నావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. "నువ్వైనా చెప్పన్నయ్యా, దాన్ని ఆపు" అన్నాడు. నిన్ను ఆపడానికి రాయడం లేదు. మనింట్లో మళ్లీ ఒకరు పానా పట్టుకుంటున్నారంటే నాకు గర్వంగానే ఉంది. కాకపోతే వాడి భయం ఊరికే వచ్చింది కాదు. అది కాసేపట్లో చెప్తాను.

ముందు విప్పిన బోల్టును వెలుతురులో పెట్టి చూడు. దాని మరల మధ్య సన్నటి తెల్లటి తీగలాంటిది చుట్టుకుని ఉంటే, అదే ఇంజిన్ కేసులోంచి ఊడొచ్చిన అల్యూమినియం థ్రెడ్. ఆ కవర్ బోల్టులు చాలా బండ్లలో ఎం6 సైజు (6 మిల్లీమీటర్ల మందం), టార్క్, అంటే బిగించే బలం, 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. మణికట్టు బలం చాలు. పొడుగాటి పానా వేసి "ఇంకొక్క పట్టు" అని లాగితే ఉక్కు బోల్టుకేం కాదు, పోయేది మెత్తటి అల్యూమినియమే. ఎవరు లాగారో నేనడగను.

డ్రిల్ తీసే ముందు సన్నటి పుల్ల దూర్చి రంధ్రం లోతు కొలువు. ఒక్కోసారి పాత బోల్టు అందని లోతులో మంచి మరలు మిగిలి ఉంటాయి. అలా ఉంటే పాతదాని కంటే 5 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్న బోల్టుతో పనైపోతుంది. మరీ పొడుగైతే మాత్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది, కవర్ బిగియదు, బలవంతం చేస్తే కేసే పగలొచ్చు. టెఫ్లాన్ టేప్ చుట్టి బిగించెయ్ అనే మహానుభావులు తగులుతారు. వినకు.

ఇక మీ నాన్న సంగతి. వాడి పెళ్లికి ముందు మాట. వాడి బండికీ ఇదే జబ్బు. బోల్టు ఊరికే తిరిగేది, కింద ఆయిల్ కారేది. తెల్లారితే స్నేహితులతో ప్రయాణం. హెలికాయిల్ కిట్ ఎవరి దగ్గరో అరువు తెచ్చి రాత్రికి రాత్రే కూర్చున్నాడు. కవర్ విప్పాడు, కవర్ కింద ఆయిల్ కారకుండా ఉండే పాత గాస్కెట్ ఓపిగ్గా గీకాడు, అంతవరకూ వంక పెట్టడానికి లేదు. అక్కణ్నుంచి తొందర మొదలైంది. తెరిచి ఉన్న క్లచ్ మీద గుడ్డ కప్పలేదు. బిట్‌కు లోతు గుర్తు పెట్టుకోలేదు. ఆ రంధ్రానికి అడుగు మూసి ఉంటుంది, కానీ ఆ అడుగు ఎంతో మందం ఉండదు. పాత థ్రెడ్‌లో తిరుగుతూ బిట్ ఒక్కసారిగా లోపలికి లాక్కుంది. అడుగు చిల్లి పడి అల్యూమినియం రజను ఇంజిన్ లోపలికి పోయింది. వాడు పంపుతో గాలి కొట్టి, శుభ్రమైపోయిందనుకున్నాడు. పైపైన ఉన్న రజను కూడా ఆ గాలికి గేర్ల సందుల్లోకి వెళ్లిపోయింది.

తమాషా ఏంటంటే, హెలికాయిల్ మాత్రం చక్కగా కూర్చుంది. చిల్లి పడ్డ చోట సీలెంట్ పెట్టాడు, బోల్టు గట్టిగా పట్టింది, చుక్క కారలేదు. వాడి సంబరం చూడాల్సిందే! ప్రయాణం మధ్యలో ఇంజిన్ పైభాగంలో టకటక మొదలైంది. ఇంకాస్త దూరమేగా అని నడిపాడు. తీరా ఆయిల్ దించితే పళ్లెంలో మిలమిలా మెరుస్తోంది. వేలికి రాసుకుంటే నలుపు కింద వెండి పొడి. ఆయిల్ వడగట్టే స్ట్రైనర్ జాలీ సగానికిపైగా మూసుకుపోయింది. పైకి ఆయిల్ అందక, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ గీతలు పడింది. ఒక్క చిన్న బోల్టు కోసం ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత వాడు పానా ముట్టలేదు. నిజం చెప్పాలంటే వాడి చేతి నేర్పు నాకంటే బాగుండేది. ఇదంతా నీకు చెప్పి ఉండడు. చెప్పొద్దని నాతో అననూ లేదు, కాబట్టి కోప్పడటానికి వీల్లేదు.

అందుకే నా గోల అంతా రజను గురించే. క్లచ్ చుట్టూ, కింద ఉన్న ప్రతి సందులో నూలు ఊడని గుడ్డలు కుక్కు. ఎన్ని పెట్టావో రాసుకో, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. బిట్‌కూ మరలు కోసే ట్యాప్ గాడులకూ గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది. మధ్యమధ్యలో తీసి తుడిచి మళ్లీ పూయి. గాలి కొట్టకు, వాక్యూమ్ క్లీనర్‌తో పీల్పించు. అయస్కాంతం పెడతానంటావేమో, అల్యూమినియం దానికి అంటదు. బిట్ మీద కావాల్సిన లోతు దగ్గర టేప్ చుట్టు.

బిట్, ట్యాప్ కిట్‌లో ఇచ్చినవే వాడు. ఎం6కి బిట్ దాదాపు 6.3 మిల్లీమీటర్లు, ట్యాప్ కూడా మామూలు ఎం6 ట్యాప్ కాదు. నిటారుగా పట్టుకో, ట్యాప్‌ను అర చుట్టు ముందుకు తిప్పితే పావు చుట్టు వెనక్కి తిప్పు. హెలికాయిల్ బాల్ పెన్ను స్ప్రింగులా ఉంటుంది. ఉపరితలం కంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దిగాక ఆపు. అడుగున ఉన్న తోక విరగ్గొట్టి, ఆ ముక్క బయటికొచ్చిందని కళ్లారా చూసుకో.

డ్రిల్ ముట్టుకునే ముందు జడ పైకి ముడేసుకో, కళ్లద్దాలు పెట్టుకో. ఈ ఒక్క విషయంలో "సరేలే పెదనాన్నా" అంటే ఊరుకోను. ట్యాప్ విరిగితే కెలక్కుండా అక్కడే వదిలేసి ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. అది గట్టి ఉక్కు, మామూలు బిట్‌కు లొంగదు.

టార్చ్ పట్టుకోమని మీ నాన్నను అడుగు. వద్దంటాడు, అయినా అడుగు. పని అయ్యాక కొత్త ఆయిల్ పోసి కొద్ది దూరం నడిపి, అది కూడా దించేసి వేలికి రాసి చూడు. ఎప్పుడు మొదలుపెడతావో ముందే చెబితే నా టార్క్ రెంచ్ పంపిస్తాను. చేతి అంచనాతో మాత్రం బిగించకు.

మీ పెదనాన్న