కార్బన్ సైకిల్ ఫ్రేమ్ పెయింట్ గీకేస్తే బరువు ఎంత తగ్గుతుంది?

తగ్గేది సాధారణంగా 100 గ్రాములు, అటూ ఇటూగా. అర లీటరు నీళ్ల బాటిల్‌లో నాలుగు గుక్కలు తాగేస్తే అంతే తగ్గుతుంది!

పెయింట్ రిమూవర్ మాత్రం వాడొద్దు. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది ఎపాక్సీ రెజిన్. పెయింట్‌ని కరిగించే రసాయనం దాన్నీ మెత్తబరుస్తుంది. గీకాల్సిందే అంటే తడిపిన సన్న గరుకు కాగితంతో, చేత్తోనే, మాస్క్ పెట్టుకుని. రుద్దుతుంటే వచ్చే నీళ్లు పెయింట్ రంగులోంచి నలుపుకి తిరిగాయా, ఆపేయండి. అక్కడ అరుగుతున్నది కార్బనే.

పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రెజిన్ పాడవుతుంది కాబట్టి మళ్లీ క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) వేయాలి. తగ్గిన బరువులో కొంత అలా తిరిగొస్తుంది. వారంటీ ఎలాగూ పోతుంది. నేనైతే తేలికైన టైర్లు కొంటాను.