బ్లడ్ క్యాన్సర్‌కి ఆపరేషన్ ఎందుకు చేయరు? పలాస నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మీ మావయ్యగారికి సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) అన్నారు, ఆపరేషన్ మాత్రం వద్దన్నారు, ఎందుకని అడిగారు. ఇందులో కోసి తీయడానికి గడ్డంటూ ఉండదండి. ఎముకల్లోని మూలుగలో తెల్లకణాలు అదుపు తప్పి పుట్టి, రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి. అందుకే మందులే దారి. నిజానికి బ్లడ్ క్యాన్సర్లలో ఇది కాస్త ఊపిరి పీల్చుకోదగ్గ రకం. 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చాక, రోజూ మాత్ర వేసుకుంటూ ఏళ్ల తరబడి పొలం పనులు చేసుకునేవాళ్లున్నారు. ఒంట్లో బాగుంది కదా అని సొంతంగా మానేస్తేనే ముప్పు.

మీకు దగ్గర్లో విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, దువ్వాడలో దిగండి. ఆసుపత్రి సర్టిఫికెట్ చూపిస్తే రైల్లో రోగికి స్లీపర్ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. అత్తయ్యగారొక్కరే ప్రతిసారీ తిరగకుండా, వంతులు వేసుకోండి.