ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగి ఆగిపోతోందంటే

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కార్టెక్స్ ఎం3 (ఆర్మ్ కంపెనీ ప్రాసెసర్ కోర్) బోర్డుకి డేటాషీట్ దొరకలేదని, ఫ్రీఆర్‌టాస్ (చిన్న చిప్‌ల మీద టాస్క్‌లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తే ఎల్‌ఈడీ ఒక్కసారి వెలిగి మొదటి డిలే దగ్గరే ఆగిపోతోందని రాశారు కదండీ. టెన్షన్ పడకండి, బోర్డు పోలేదు. కోర్ వివరాలన్నీ ఆర్మ్ మాన్యువల్‌లోనే ఉంటాయి.

ఆగిపోయినప్పుడు డీబగ్గర్‌లో ఎక్స్‌పీఎస్‌ఆర్ రిజిస్టర్ చివరి తొమ్మిది బిట్లు చూడండి. ప్రాసెసర్ ఏ ఇంటరప్ట్‌లో లేదా ఫాల్ట్‌లో ఇరుక్కుందో ఆ నంబరు అక్కడ ఉంటుంది. 3 అయితే హార్డ్‌ఫాల్ట్ (ప్రోగ్రామ్‌లో పెద్ద తప్పు), 14 పెండ్‌ఎస్‌వీ (టాస్క్ మార్చేది), 15 సిస్‌టిక్ (టైమర్ టిక్). హెక్స్‌లో చూపిస్తే 14 బదులు ఈ, 15 బదులు ఎఫ్ కనిపిస్తాయి. మొదటి టాస్క్ నడిచింది కాబట్టి, దాన్ని మొదలుపెట్టే ఎస్‌వీసీ ఇంటరప్ట్ బాగానే ఉంది. నా అంచనా, 14 గానీ 15 గానీ వస్తుంది. స్టార్టప్ ఫైల్లో ఆ రెండింటి హ్యాండ్లర్ల (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్ల) పేర్లు వేరుగా ఉంటే ఇంటరప్ట్ వెళ్లి డిఫాల్ట్ లూప్‌లో ఇరుక్కుంటుంది. వెక్టర్ టేబుల్లో (ఏ ఇంటరప్ట్‌కి ఏ హ్యాండ్లరో చెప్పే పట్టికలో) ఆ రెండు చోట్లా ఫ్రీఆర్‌టాస్ హ్యాండ్లర్ల పేర్లే పెట్టండి.

తర్వాత క్లాక్ సరిచూసుకోండి. ఇలాంటి బోర్డుకే నేను కాన్ఫిగ్‌లో 72 మెగాహెర్ట్జ్ అని రాస్తే, ఒక సెకను డిలేకి తొమ్మిది సెకన్లు పట్టింది. వాచీ చూస్తూ లెక్కపెట్టాను. చిప్ 72లో తొమ్మిదో వంతుతో, అంటే లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ మీదే నడుస్తోందని అలా తెలిసింది.

అప్పటికీ కదలకపోతే ఆ బిట్ల విలువ, స్టార్టప్ ఫైలు పెట్టండి, తప్పకుండా చూస్తాను.