దక్షిణ కొరియాలోని ఆండాంగ్ నగరమే అయితే, అందులో ఎక్కువ భాగం పల్లెలూ కొండలూ ఎందుకు?

1995 జనవరి 1న ఆండాంగ్ పట్టణాన్నీ, దాని చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతాన్నీ కలిపి ఒకే నగరంగా చేశారు కాబట్టి.

కొరియాలో అంతకుముందు, బాగా పెరిగిన పట్టణాన్ని ‘గున్’ (గ్రామీణ జిల్లా) నుంచి విడదీసి ‘సి’ (నగరం) హోదా ఇచ్చేవారు. ఆండాంగ్ పట్టణం 1963లో అలాగే విడిపోయింది. చుట్టూ మిగిలిన గున్ ప్రజలకు సంతకైనా ఆస్పత్రికైనా ఆ పట్టణమే దిక్కు, పాలన మాత్రం వేరు. ఒకే ప్రాంతానికి రెండు యంత్రాంగాలన్నమాట. ఈ తిప్పలు తప్పించడానికే 1995లో దేశంలో ఇలాంటి జంటలను చాలావాటిని కలిపారు.

యునెస్కో వారసత్వ గ్రామం హహ్వేనే చూడండి. అది ఆండాంగ్ నగరంలోనే ఉంది, కానీ ఇప్పటికీ పుంగ్‌చన్ అనే ‘మ్యన్’ (మన మండలం లాంటిది) కిందికే వస్తుంది.

నగరంలో కలిస్తే పల్లె పట్టణమైపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మారింది పాలనా సరిహద్దు మాత్రమే. సుమారు 1,520 చదరపు కిలోమీటర్ల ఆండాంగ్, విస్తీర్ణంలో సియోల్‌కు రెండున్నర రెట్లు. 2016లో ఉత్తర గ్యాంగ్‌సాంగ్ ప్రావిన్సు (ఆండాంగ్ ఉన్న రాష్ట్రం లాంటిది) ప్రభుత్వ కార్యాలయం డేగు నగరం నుంచి ఇక్కడికి రావడం వల్లే ఇంత పెద్దదైందనడమూ సరికాదు, విలీనం అప్పటికే 21 ఏళ్ల నాటిది.