చూపు బాగానే ఉంటే లేజర్ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగరు. కొబ్బరితోట, కొంత వరి చేను చూసుకుంటారు. ఈమధ్య కాకినాడలో పరీక్ష చేసి, షుగరు వల్ల కంటి వెనకాల ఉండే పొర రెటీనాలో కొత్త రక్తనాళాలు మొలుస్తున్నాయి, రెండు కళ్లకీ విడతలుగా లేజర్ చేయాలన్నారు. నాన్నగారేమో ‘పేపరు చదువుతున్నాను, బండి నడుపుతున్నాను, బాగున్న కన్ను కాల్పించుకోవడం దేనికి?’ అంటున్నారు. మా వీధిలో ఒకాయనకి లేజర్ చేశాక కూడా చూపు రాలేదు. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. కంటి ముందుభాగం కాలకుండా లోపల మాత్రమే ఎలా కాలుతుందో నాకూ అంతుపట్టలేదు.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ నాన్నగారి అనుమానం సబబైనదేనమ్మా. లేజర్ చేయించుకుంటే చూపు పెరుగుతుందని ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటే అది తప్పు. ఉన్న చూపు నిలబెట్టడమే దాని పని. అందుకే పేపరు చదవగలుగుతున్నప్పుడే చేయాలి. మీ వీధిలో ఆయన కంట్లో రక్తం దిగాక వెళ్లారేమో కనుక్కోండి. మా ఓపీలో ఆ కథే ఎక్కువ వింటాను.

దాళ్వాలో కాలవ నీళ్లు చాలనప్పుడు ఏమవుతుందో మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. శివారు చేలు ఎండుతాయి. కడుపు మండినవాడు రాత్రికి రాత్రి గట్టుకి గండి కొడతాడు. షుగరు కంట్లోనూ ఇదే. సన్న రక్తనాళాలు మూసుకుపోయి రెటీనా అంచులకి ఆక్సిజన్ అందదు. ఆ అంచులు ఒక రసాయనాన్ని వదిలి కొత్త నాళాల్ని మొలిపిస్తాయి. అవి గండి కొట్టిన గట్టులాంటివి, ఎప్పుడు తెగి రక్తం చిమ్ముతాయో తెలీదు. లేజర్‌తో ఆ శివారు భాగాన్ని అక్కడక్కడా బీడు పెడతాం. అడిగే నోళ్లు తగ్గితే కొత్త నాళాలు చాలావరకు ముడుచుకుంటాయి. అక్షరాలు చదివే నడిమి చోటు జోలికి వెళ్లం. అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1976లో వచ్చాయి. ఈ వైద్యంతో చూపు దారుణంగా పడిపోయే ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది.

ఇక మీ ఫిజిక్స్ ప్రశ్న. గ్రహణం పట్టిన సూర్యుణ్ణి నేరుగా చూసినవాళ్లకి కంటి ముందుభాగం చెక్కుచెదరదు, రెటీనా మీద మాత్రం మచ్చ పడుతుంది. జర్మనీలో మేయర్ ష్వికెరాత్ అనే డాక్టర్‌కి అలాంటి కళ్లని చూశాకే ఈ వైద్యం ఆలోచన తట్టింది. 1940లలోనే అద్దాలతో ఎండని పట్టి రోగి కంట్లోకి పంపాడు. మొదటి లేజర్ వచ్చింది 1960లో. ఇప్పుడు ఎక్కువగా వాడేది 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుతురు. నల్లగుడ్డు మీది పొర, లోపలి కటకం గాజులా ఉంటాయి కాబట్టి దాన్ని వదిలేస్తాయి. రెటీనా అడుగున ఉన్న నల్లటి రంగు పొర పీల్చుకుంటుంది. పీల్చుకున్న చోటే వేడి పుడుతుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత పొర మసకబారితే వాడేది 1064 నానోమీటర్ల వేరే లేజర్, కళ్లజోడు తీసేయడానికి వాడేది 193 నానోమీటర్ల ఇంకోటి. పేరు ఒకటే కావడంతో ఒకరి అనుభవం ఇంకొకరికి అంటగడుతుంటారు.

ఆరోజు ఏం జరుగుతుందంటే, కంటిపాప విప్పడానికి చుక్కలు వేస్తారు, తర్వాత మత్తు చుక్కలు. గడ్డం స్టాండు మీద ఆనించి కూర్చోవాలి. కంటికి చిన్న అద్దం తొడుగుతారు. పచ్చటి మెరుపులు టకటకా వస్తాయి. ఒక్కోటి సెకనులో పదోవంతు, కొత్త యంత్రాల్లో ఇంకా తక్కువ. పాత పద్ధతిలో అన్ని విడతలూ కలిపి కంటికి 1,200 నుంచి 1,600 లేజర్ మచ్చల దాకా పడతాయి. కొన్ని చోట్ల లోపల కలుక్కుమంటుంది. అప్పుడు తల కదపకుండా నోటితో చెప్పమనండి, డాక్టర్ ఆపుతారు.

నష్టం లేదని చెప్పను. పక్కచూపు, చీకట్లో చూపు కొంత తగ్గవచ్చు. తెల్లవారకముందే తోటకి వెళ్లే అలవాటుంటే టార్చి తప్పనిసరి. నడిమి చోట నీరు చేరి ఉందేమో ముందే అడగండి. ఉంటే చాలామందికి కంట్లో ఇంజెక్షన్లు కూడా అవసరమవుతాయి, లేజర్ ఒక్కటే చేస్తే ఆ వాపు పెరగవచ్చు. షుగరు, బీపీ అదుపులో లేకపోతే మళ్లీ కొత్త నాళాలు మొలుస్తాయి.

ఈలోపు కంటి ముందు ఉన్నట్టుండి నల్లటి దారాలో, మసి రాలినట్టు చుక్కలో కనబడినా, తెర దించినట్టయినా విడత తేదీ కోసం ఆగకండి, ఆరోజే వెళ్లండి. లేజర్ రోజున మీరూ తోడు వెళ్లండి. చుక్కల మందు వల్ల కొన్ని గంటలు ఎండ చూడలేరు, కళ్లు మసగ్గా ఉంటాయి. బండి తాళాలు ఆ పూట మీ దగ్గరే ఉంచుకోండి.